అప్‌డేట్: మార్గరెట్ స్ట్రీట్ ఆల్ సెయింట్స్ చర్చి చూసొచ్చాను

లండన్‌లో విక్టోరియా కాలపు చర్చి ఒక్కటే చూసే టైముంటే ఏది చూడాలని అడిగాను కదా, ఆల్ సెయింట్స్ చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ దగ్గర్లోనే, ఇరుకు స్థలంలో ఉంది. విలియం బటర్‌ఫీల్డ్ డిజైన్, 1850లో శంకుస్థాపన, 1859లో ప్రతిష్ఠ. ఎర్ర ఇటుక మధ్య నల్ల ఇటుక చారలు, అంటే రంగు పైపూత కాదు, గోడ కట్టుబడిలోనే ఉంది, నాకు తెగ నచ్చింది అదే. లోపల పుల్పిట్‌ని (పాస్టర్ నిలబడి ప్రసంగించే ఎత్తైన వేదిక) మాత్రం దగ్గరికెళ్లి చూడండి, రంగురంగుల పాలరాళ్లు కోసి ఎంత ఓపిగ్గా పొదిగారో! ఉత్తరం గోడ నిండా 1873 నాటి టైల్స్ బొమ్మలు, మధ్యలో క్రీస్తు జననం. బలిపీఠం వెనక విలియం డైస్ వేసిన చిత్రాలు పాడైపోతే 1909లో నినియన్ కాంపర్ మళ్లీ వేశారట. వెళ్లేవాళ్లు పగటి వెలుతురులో వెళ్లండి, లోపల కాస్త చీకటే.