మనోవర్తిలో మనస్సు ఉన్నదా?

భార్యాభర్తల్లో ఒకరి పోషణకు మరొకరి నుంచి కోర్టు ఇప్పించే సొమ్మును మనోవర్తి అంటారు, భరణమనీ అంటారు. మనోవర్తి అనే మాటలో మనస్సు ఎక్కడ ఉన్నదని, భరణానికీ దానికీ భేదమేమిటని నిన్న ఒక సభ్యులు అడిగారు.

నాకు తోచినంతలో ఇక్కడ మనస్సుకు చోటు లేదు. మనుట అంటే బ్రతుకుట. మనికి, మనుగడ అనేవి ఆ క్రియ నుంచి వచ్చినవే. దీనిని మనువర్తి అని రాసేవారూ ఉన్నారు కనుక, మనుగడకు ఆధారమైన సొమ్ము అని చెప్పుకుంటే అర్థం చక్కగా అతుకుతుంది.

భరణం సంస్కృత పదం. ‘భృ’ ధాతువుకు మోయడం, పోషించడం అని అర్థం. భరించేవాడు భర్త, భరింపదగినది భార్య. అంటే ఎవరు ఎవరికి ఇవ్వాలో కోర్టు కంటే ముందు ఆ మాటే తేల్చేస్తుంది! భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు పోషణ ఇప్పించే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌కు (2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వది) ఈ మాట సరిపోతుంది. కానీ 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 24, 25 సెక్షన్ల కింద భర్త కూడా భార్య నుంచి కోరవచ్చు. భర్త భార్యను భరణం అడగడం వ్యుత్పత్తి దృష్టితో చూస్తే తలకిందుల వ్యవహారం. మనోవర్తి అంటే ఆ చిక్కు లేదు కాబట్టి నా మొగ్గు దానివైపే.

నెలనెలా ఇచ్చేది మనోవర్తి, ఒకేసారి ముట్టజెప్పేది భరణం అని కొందరు విడదీస్తారు గాని, ఆ విభజన చట్టంలో లేదు. 25వ సెక్షన్ రెండు పద్ధతులనూ అనుమతిస్తుంది. చట్టం చూపే అసలు తేడా కాలానిది. వ్యాజ్యం నడుస్తుండగా, దాని ఖర్చులతో సహా ఇప్పించేది 24 కింద వచ్చే మధ్యంతర మనోవర్తి. డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) ఇచ్చేటప్పుడు గాని ఆ తరువాత గాని నిర్ణయించేది 25 కింద వచ్చే శాశ్వత మనోవర్తి.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఈ ‘శాశ్వత’ విశేషణమే. పరిస్థితులు మారితే కోర్టు ఆ మొత్తాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు, పుచ్చుకునేవారు మళ్లీ పెళ్లి చేసుకుంటే రద్దు కూడా చేయవచ్చు. మధ్యంతరానికి ఎదురుగా నిలిపిన మాటే తప్ప, ఇందులో జీవితాంతం అనే హామీ లేదు. ‘డిక్రీ అనంతర మనోవర్తి’ అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది, పలకడానికి మాత్రం బరువు. ఇంతకంటే తేలికైన మాట ఎవరికైనా తడితే చెప్పగలరు.