గో భాషలో రాసిన సర్వర్ చిన్న లినక్స్ బాక్స్‌లో లేవడం లేదు, పైథాన్‌కి మారాలా?

మీటర్‌బాక్స్: పొద్దున్నుంచీ ఇదే గొడవ. ఆర్‌ఎస్485 (సీరియల్ కేబుల్) మీద ఎనర్జీ మీటరు చదివి, అదే బాక్స్‌లో వెబ్ పేజీగా చూపించాలి, క్లౌడ్‌కీ పంపాలి. రెండుచోట్లా ఒకే కోడ్ నడుస్తుందని గో పట్టుకున్నా. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది. బాక్స్‌లో రన్ చేస్తే "నాట్ ఫౌండ్" అంటోంది. ఎల్‌ఎస్ కొడితే ఫైల్ కళ్లెదుటే ఉంది! పర్మిషన్లూ ఇచ్చా. పైథాన్ మేలా, నోడ్ (జావాస్క్రిప్ట్) మేలా?

ఓపెన్‌రూటర్: ఏ చిప్పు? ర్యామ్, ఫ్లాష్ ఎంత?

సీమార్గం: మీటరుతో మాట్లాడే మోడ్‌బస్ పద్ధతిలో ఫ్రేముల (సందేశాల) మధ్య కనీసం 3.5 అక్షరాల ఖాళీ ఉండాలి. 9600 బాడ్ దగ్గర అది సుమారు 4 మిల్లీసెకన్లు. గోలాంటి గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని తనే ఖాళీ చేసేది) ఉన్న భాషతో రియల్ టైమ్ పని పెట్టుకోవద్దు. సీరియల్ భాగం సీలో రాసి, వెబ్ భాగం వేరే ప్రాసెస్‌గా నడపండి.

పోర్టు8080: ఇందులో రియల్ టైమ్ ఎక్కడుందండీ? అడిగేది మాస్టరే, అంటే మన బాక్సే. మనం ఆలస్యం చేస్తే ఖాళీ పెరుగుతుంది, మీటరుకేం నష్టం లేదు. ఫ్రేము మధ్యలో తెగకూడదు, అంతే. మొత్తం ఒకే రైట్ కాల్‌లో ఇచ్చేయండి.

సీమార్గం: ఫ్రేము తెగదని మామూలు లినక్స్ కెర్నల్ హామీ ఇవ్వదు. యూఎస్‌బీ కన్వర్టర్ అయితే మరీను.

మీటర్‌బాక్స్: చిప్పు ఎంటీ7628. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లకు వాడే లినక్స్). ర్యామ్ 128 ఎంబీ, ఫ్లాష్ 16. రీడింగులు సెకనుకోసారి ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో దాస్తున్నా.

ఓపెన్‌రూటర్: ఈ ముక్క ముందే చెప్పాల్సింది. ఎస్‌క్యూలైట్ డ్రైవర్ కోసం సీగో (గోలోంచి సీ కోడ్ వాడే పద్ధతి) వాడారు కాబట్టి బైనరీ జీలిబ్‌సీ (ల్యాప్‌టాప్ లినక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ) లోడర్‌ని వెతుకుతోంది. బాక్స్‌లో ఉన్నది మజిల్ అనే వేరే సీ లైబ్రరీ. దొరకనిది ఆ లోడర్, మీ ఫైల్ కాదు. సీగో_ఎనేబుల్డ్=0, గోఓఎస్=లినక్స్, గోఆర్క్=మిప్స్‌ఎల్‌ఈ, గోమిప్స్=సాఫ్ట్‌ఫ్లోట్ పెట్టి బిల్డ్ చేయండి. ఆ చిప్పులో ఎఫ్‌పీయూ (దశాంశ లెక్కలు చేసే భాగం) లేదు, చివరిది మరిస్తే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" వస్తుంది. సీగో ఆపితే ఆ డ్రైవర్ కూడా పనిచేయదు. రీడింగులు టెంప్‌లో (అది ర్యామే) టెక్స్ట్ ఫైల్‌గా రాసి, 15 నిమిషాలకోసారి ఫ్లాష్‌లోకి దించండి. కరెంటు పోతే ఆ కాస్తే పోతుంది. సెకనుకోసారి రాస్తే ఫ్లాష్ అరిగిపోతుంది. నోడ్ ఆ 16లో పట్టదు. పైథాన్3-లైట్ పట్టినా లైబ్రరీలు పెరిగేకొద్దీ చోటు చాలదు.

పోర్టు8080: బాక్స్ వరకే అయితే లువా భాష చాలు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వెబ్ సర్వర్ యూహెచ్‌టీటీపీడీకి దాని ప్లగిన్ ఉంది. క్లౌడ్‌లోనూ అదే కోడ్ కావాలంటే గోనే ఉంచండి.

మీటర్‌బాక్స్: లేచిందండీ, థ్యాంక్స్. మధ్యమధ్యలో సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిందని చెప్పేవి) వస్తున్నాయి.

సీమార్గం: సీలో రాయమన్నది అందుకే.

పోర్టు8080: భాష మార్చకముందు కేబుల్ రెండు చివర్లా 120 ఓంల రెసిస్టర్లు ఉన్నాయో లేదో చూడండి.