హైస్కూలు టైంటేబుల్ మార్చాలా? ఎనిమిది పొట్టి పీరియడ్లా, ఆరు పొడవాటి పీరియడ్లా?

పేరెంట్, పటమట:

మాది విజయవాడ. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాళ్ల ప్రైవేటు హైస్కూల్లో వచ్చే జూన్ నుంచి టైంటేబుల్ మార్చాలనే ప్రతిపాదన వచ్చింది. తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను కాబట్టి నా అభిప్రాయం చెప్పాలి. నేను మార్పు వైపే ఉన్నాను. కాదనేవాళ్ల మాట కూడా వినాలని ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు 8.10కి జీరో పీరియడ్, 9కి ప్రేయర్. తర్వాత 40 నిమిషాల పీరియడ్లు ఎనిమిది, 3.40కి లాంగ్ బెల్. దాంతో అయిపోదు, 5.15 దాకా స్టడీ అవర్. అందులో రోజూ ఏదో ఒక స్లిప్ టెస్ట్. కొత్తదాంట్లో జీరో పీరియడ్ తీసేస్తారు. 55 నిమిషాల పీరియడ్లు ఆరు ఉంటాయి. 3.50కి బడి వదిలేస్తారు. స్టడీ అవర్ కావాలన్న వాళ్లకే, 5 దాకా.

పీరియడ్ మారిన ప్రతిసారీ ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. సార్ వచ్చేసరికి రెండు నిమిషాలు, హాజరు, నిన్న ఎక్కడ ఆపామో చూసుకోవడం, చివర్లో హోంవర్క్ రాయించడం. ఒక్కో పీరియడ్‌లో ఐదు నిమిషాలు పోయినా రోజుకు 40 నిమిషాలు, అంటే ఒక పూర్తి పీరియడ్. ఆరు పీరియడ్లయితే పోయేది 30. పైగా 40 నిమిషాల్లో సార్ లెక్క చేసి చూపించడానికే సరిపోతుంది. పిల్లాడు తన చేత్తో చేసి, తప్పు చేసి, అడిగి, దిద్దుకునే సమయం ఉండదు. ఆ పని ట్యూషన్‌కి పోతోంది.

ఇక నిద్ర. పోరంకి, కానూరు వైపు నుంచి వచ్చే పిల్లల్ని స్కూల్ ఆటో ఏడింటికే ఎక్కించుకుంటుంది. లేచేది ఆరు లోపే. రాత్రి హోంవర్క్ అయ్యేసరికి పదకొండు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం 2016లో చెప్పింది. ఈ వయసులో నిద్ర తెచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది, కాబట్టి తొమ్మిదింటికి పడుకోమన్నా నిద్ర పట్టదు. అది బద్ధకం కాదు, ఒంటి లక్షణం. అక్కడి పిల్లల వైద్యుల సంఘం హైస్కూళ్లు ఉదయం 8.30 కంటే ముందు మొదలుపెట్టొద్దని 2014లోనే చెప్పింది. కాలిఫోర్నియాలో 2022 నుంచి అదే చట్టం. మన దగ్గర చట్టం రానక్కర్లేదు, జీరో పీరియడ్ తీసేస్తే చాలు.

రిటైర్డ్ హెచ్ఎం, గుంటూరు:

చదివాను. మీ ఆవేదన న్యాయమైనదే. కానీ టైంటేబుల్ వేసిన చేయి నాది, మూడు సంగతులు చెప్పాలి.

మొదటిది ఎండ. కాలిఫోర్నియా వేరు, కృష్ణా గుంటూరు జిల్లాలు వేరు. జూన్‌లో బడి తెరిచాక కూడా మధ్యాహ్నం క్లాసు గది కుంపటే. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు 7.45కే ఎందుకు మొదలుపెడతాం? పొద్దుటి చల్లదనంలోనే బుర్ర పనిచేస్తుందని. మీరు ఆ పొద్దుటి గంటే తీసేస్తున్నారు.

రెండోది ఓపిక. ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి 55 నిమిషాలు కూర్చోబెట్టి పాఠం చెప్పాలంటే టీచర్ దగ్గర సరుకుండాలి. లేకపోతే 40 నిమిషాల నోట్సు 55 నిమిషాల నోట్సు అవుతుంది, అంతే.

మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. టీచర్ సెలవు పెట్టిన రోజు ఏమిటి? ఇప్పుడైతే 40 నిమిషాల సబ్‌స్టిట్యూషన్, అంటే ఆయన బదులు ఇంకో టీచర్‌ను పంపడం. రేపు దాదాపు గంట. ఒక సార్ రెండు రోజులు రాకపోతే పొడవాటి పీరియడ్లలో సిలబస్ ఎంత వెనకబడుతుందో లెక్క వేసుకోండి. ప్రైవేటు బడుల్లో ఏడాది మధ్యలో టీచర్లు మానేయడం మామూలే.

ఫిజికల్ సైన్స్ టీచర్, గుంటూరు:

మాస్టారూ, మీ మూడో మాట నిజం. రెండో మాట దగ్గర ఆగుతాను. పొడవాటి పీరియడ్ అంటే పొడవాటి ఉపన్యాసం అనుకుంటే మీ భయం సరైనదే. కానీ నాకు పొడుగు కావాల్సింది ఉపన్యాసానికి కాదు.

పదో తరగతిలో ఓమ్ నియమం తీసుకోండి. బ్యాటరీ, అమ్మీటరు, వోల్ట్‌మీటరు, నిరోధం కలిపి సర్క్యూట్ కట్టాలి. నలభై మంది, ఆరేడు బృందాలు. వోల్ట్‌మీటరును సమాంతరంగా కాకుండా శ్రేణిలో కలిపేస్తారు, అమ్మీటరు ముల్లు కదలదు, ఎందుకు కదల్లేదని అడుగుతారు. అసలు పాఠం ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. దిద్దుకుని నాలుగైదు రీడింగులు తీసేసరికి బెల్ కొడుతుంది. గ్రాఫ్ ఇంట్లో వేసుకు రమ్మంటాను. మర్నాడు క్లాసంతా ఒకటే గ్రాఫ్, ఒక్కరు వేస్తే మిగతావాళ్లు దించినది. అందుకే చాలామంది టీచర్లు ప్రయోగాన్ని బోర్డు మీద బొమ్మ గీసి ముగిస్తారు. వాళ్లకు ఇష్టం లేక కాదు, టైం లేక.

2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా 9, 10 తరగతులకు 50 నిమిషాల పీరియడ్‌నే చూపించింది. 6 నుంచి 8 తరగతులకు 40 అంది. కాబట్టి పటమట మిత్రుడికి నా సలహా: ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకటే కొలత పెట్టొద్దు. చిన్న తరగతులకు పాతదే ఉంచండి.

హిందీ టీచర్, భవానీపురం:

అందరూ లెక్కలు, సైన్స్ గురించే మాట్లాడుతున్నారు. ఏడు సబ్జెక్టులు, ఆరు పీరియడ్లు. రోజూ ఏదో ఒకటి తప్పుకోవాలి. తప్పుకునేది ఏదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. భాష రోజూ కాసేపు నోట్లో నలగాలి. వారానికి మూడుసార్లు గంట గంట చెప్తే రాదు. మధ్యలో రెండు రోజులు గ్యాప్ వస్తే మా పిల్లలు లింగ భేదం, క్రియ అన్నీ మర్చిపోయి వస్తారు. సైన్స్‌కు పొడుగు మేలు చేయొచ్చు, భాషకు మాత్రం కాదు.

అమ్మ, సింగ్‌నగర్:

అన్నయ్యగారూ, నేను బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో చేస్తాను. ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మా ఆయన ఆటో. పాప 5.15కి బడి వదిలితే ఆరింటికి ఇల్లు చేరుతుంది, పక్కింటావిడ చూసుకుంటుంది. 3.50కే వదిలేస్తే ఆ రెండు గంటలు ఎవరు చూస్తారు? ఇంట్లో చదివించేవాళ్లు ఉన్నవాళ్లకు మీ పద్ధతి బాగానే ఉంటుంది. మా పాపకు డౌట్ వస్తే అడగడానికి బడిలో సార్ తప్ప ఎవరూ లేరు. స్టడీ అవర్ ఇష్టమైనవాళ్లకే అన్నారు. పదిమందే ఉంటే సార్‌ను కూర్చోబెడతారా? లేక దానికి మళ్లీ ఫీజు అంటారా? అది చెప్పండి ముందు.

పేరెంట్, పటమట:

చెల్లెమ్మా, మీరడిగిన ప్రశ్నకు ఆ ప్రతిపాదన కాగితంలో జవాబు లేదు. ఉండాల్సిందే. సాయంత్రం గంట ఫీజు లేకుండా, ఒక సబ్జెక్ట్ టీచర్ ఎదురుగా ఉండి సాగాలి. ఎంతమంది ఉన్నా సాగాలి. స్లిప్ టెస్టులు మాత్రం పెట్టకూడదు. ఆ గంటలో పిల్లలు హోంవర్క్ చేసుకుని, డౌట్లు అడిగి, ఖాళీ చేతులతో ఇంటికెళ్లాలి. ఇప్పుడు 5.15 దాకా ఉంచి, పరీక్ష పెట్టి, పైన హోంవర్క్ కూడా ఇస్తున్నారు. పిల్లల రాత్రి నిద్రను తినేస్తున్నది అదే. దాన్ని బడిలోనే ముగించమని అడుగుతున్నాం.

హిందీ మేడం గారూ, మీ మాట మీద కూర్చుని లెక్క వేశాను. వారానికి 36 పీరియడ్లు. లెక్కలకు 6, ఇంగ్లీషు, తెలుగు, సోషల్ ఐదేసి, ఫిజికల్ సైన్స్, బయాలజీ నాలుగేసి, హిందీకి 3. మిగతా నాలుగు ఆటలకు, లైబ్రరీకి, కంప్యూటర్‌కు. ఇప్పుడు మా బడిలో హిందీ వారానికి 4 పీరియడ్లు, అంటే 160 నిమిషాలు. కొత్తదాంట్లో 165. నిమిషాలు తగ్గవు. కానీ మీరు చెప్పింది రోజుల గురించి, అది నిజమే. ఒకటి చేయొచ్చేమో చూడండి. హిందీకున్న మూడు పీరియడ్లలో ఒకదాన్ని రెండు సగాలు చేసి, లైబ్రరీ పీరియడ్‌లోని సగంతో జతకలిపి రెండు రోజులకు పంచితే నాలుగు రోజులు భాష నోట్లో ఉంటుంది.

మాస్టారూ, ఎండ సంగతి ఒప్పుకుంటాను. అయితే జీరో పీరియడ్‌లో జరిగేది పాఠం కాదు, నిన్నటి టెస్ట్ పేపర్లు దిద్దించడం. ప్రేయర్ అయ్యాక లంచ్ దాకా మూడున్నర గంటల చల్లటి సమయం ఉంది. అసలు ఇబ్బంది లంచ్ తర్వాత పీరియడ్. మా బడిలో అది ఏడాది పొడవునా సోషలే. పిల్లలు తూగుతారు, సోషల్‌లో మార్కులు తగ్గుతాయి, ఆ టీచర్‌కు మాట పడుతుంది. టైంటేబుల్‌ను వారం వారం తిప్పితే ఆ పీరియడ్ అన్ని సబ్జెక్టులకూ వంతులవారీగా వస్తుంది. పీరియడ్ ఎంత పొడుగున్నా ఇది మాత్రం రేపే చేయొచ్చు.

ఇంటర్ ఫస్టియర్ విద్యార్థిని, కొరిటెపాడు:

అంకుల్, పోయినేడాది నాది టెన్త్. డిసెంబర్ నుంచి మాకు డ్రిల్ పీరియడ్ తీసేసి మ్యాథ్స్ ఇచ్చేశారు. మీ 36 పీరియడ్లలో ఆటలకు రెండు పెట్టినా పరీక్షలు దగ్గరకొస్తే అవి ఉండవు. వాటిని తీయకూడదని ముందే రాయించండి. మాకు పెద్ద టెన్షన్ చదువు వల్ల రాలేదు. రోజులో ఒక్కసారి కూడా బయట నిలబడకపోవడం వల్ల వచ్చింది.

మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్, ప్రభుత్వ హైస్కూల్, మంగళగిరి వైపు:

ప్రభుత్వ బడి వైపు నుంచి ఒక మాట. 2024 నవంబరులో హైస్కూళ్ల వేళలు సాయంత్రం 5 దాకా పెంచే ఆలోచనతో ఎంపిక చేసిన బడుల్లో ప్రయోగం చేశారు. ఉపాధ్యాయ సంఘాలు వద్దన్నాయి. నేనూ వద్దనే అన్నాను. పని ఎక్కువవుతుందని కాదు. ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలు చలికాలంలో బస్సు దిగేసరికి చీకటి పడుతుంది. సింగ్‌నగర్ అక్క చెప్పిన ఇబ్బంది ఎంత నిజమో, ఈ ఇబ్బందీ అంతే నిజం. అందుకే సాయంత్రం గంట అందరికీ తప్పనిసరి కాకూడదు, కావాల్సినవాళ్లకు లేకుండా పోకూడదు.

గంటలు తగ్గితే చదువు తగ్గుతుందనే భయం తల్లిదండ్రుల్లో బాగా ఉంది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు కావాలంటుంది. 55 నిమిషాల పీరియడ్లు ఆరు వేస్తే 220 రోజులకు 1,210 గంటలు వస్తాయి. జీరో పీరియడ్, స్టడీ అవర్ ఒక్క నిమిషం కూడా కలపకుండానే. ఈ లెక్క మీటింగ్‌లో చెప్పండి.

ఇంకోటి టీచర్ల గురించి. వారానికి 48 పీరియడ్లలో 38 చెప్పే టీచర్ ప్రైవేటు బడుల్లో మామూలు. రోజుకు ఆరేడు క్లాసులు మారుతూ ప్రతిచోటా మళ్లీ మొదలుపెట్టాలి. ఆరు పీరియడ్ల రోజులో నాలుగు చెప్పి రెండు ఖాళీగా ఉంటే నోట్సులు దిద్దగలం, రేపటి పాఠం చూసుకోగలం. యాజమాన్యం ఆ రెండూ నింపేసి ఆరుకు ఆరు చెప్పమంటే మాత్రం ఈ మార్పు టీచర్ మీద దెబ్బే. ఆ టీచర్ మానేస్తాడు, మాస్టారు చెప్పిన మూడో సమస్య వస్తుంది.

పేరెంట్, పటమట:

అందరి మాటలూ చూశాక నా ప్రతిపాదన ఇలా మార్చుకుంటున్నాను. ఆరు, ఏడు తరగతులకు 40 నిమిషాలే. ఎనిమిది, తొమ్మిది తరగతులకు జూన్ నుంచి దసరా సెలవుల దాకా 55 నిమిషాల పద్ధతి. పదో తరగతిని మొదటి ఏడాది కదిలించొద్దు, పబ్లిక్ పరీక్షల కోసం వేసే వంద రోజుల ప్రణాళికల హడావుడిలో వాళ్ల మీద ప్రయోగాలు వద్దు. జీరో పీరియడ్ మాత్రం అన్ని తరగతులకూ తీసేయాలి. దీని మీద నేను తగ్గను. సాయంత్రం గంట ఫీజు లేకుండా, టెస్ట్ లేకుండా. ఆటల పీరియడ్లు తీయకూడదని కాగితం మీద రాయాలి. టీచర్‌కు రోజుకు నాలుగు పీరియడ్లు దాటకూడదు. దసరా తర్వాత పిల్లల్ని, టీచర్లను అడిగి మిగతాది తేల్చాలి.

రిటైర్డ్ హెచ్ఎం, గుంటూరు:

ఇలా అయితే నాకు అభ్యంతరం లేదు. ఎనిమిదో తరగతికి 55 నిమిషాలు ఎక్కువేనని ఇప్పటికీ అంటాను. అక్కడ పీరియడ్ మధ్యలో పిల్లల్ని ఒకసారి లేపి నిలబెట్టి, మంచినీళ్లు తాగించి మళ్లీ కూర్చోబెట్టమని టీచర్లకు చెప్పండి.

సబ్‌స్టిట్యూషన్ సంగతి ఇంకా మీ జాబితాలో లేదు. టీచర్ రాని రోజున ఆ పీరియడ్‌కు అదే తరగతికి చెప్పే ఇంకో సబ్జెక్ట్ టీచర్ వెళ్లి తన పాఠం చెప్పాలి, ఆ వారంలోనే పీరియడ్ తిరిగి ఇచ్చేయాలి. ఊరికే ఎవరో ఒకరిని కూర్చోబెట్టి చదువుకోమంటే 55 నిమిషాలు గాలికి పోయినట్టే. అది రాతలో లేకుండా మీటింగ్‌లో సంతకం పెట్టకండి.