డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చినప్పుడు మనం ఏం అడగొచ్చు?

మా నాలుగేళ్ల పాపని న్యుమోనియాతో మూడు రోజుల క్రితం ఆసుపత్రిలో చేర్చాం. రోజూ పొద్దున పెద్ద డాక్టరు, వెంట నలుగురైదుగురు జూనియర్లు, ఒక నర్సు వస్తారు. రాత్రి జ్వరం ఎంత, ఆక్సిజన్ ఎంత, ఎన్నిసార్లు ఒంటికి వెళ్లింది అని ఒకరు గబగబా చదువుతారు. స్టెతస్కోప్ పెట్టి చూసి, వాళ్లలో వాళ్లు ఏదో మాట్లాడుకుని ఐదు నిమిషాల్లో పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతారు. నేనేమో మందుల కవరు పట్టుకుని తల ఊపుతూ నిలబడతాను. అడగాల్సినవన్నీ వాళ్లు వెళ్లాకే గుర్తొస్తాయి!

నిన్న సెలైన్ ఎందుకు ఆపారో సాయంత్రం నర్సు చెబితే తెలిసింది. పాప నోటితో బాగానే తాగుతోందట. ఆ ముక్క పొద్దున్నే చెప్పుంటే రోజంతా టెన్షన్ పడేదాన్ని కాదు.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. మధ్యలో ఆపి అడిగితే ఏమైనా అనుకుంటారా? రాత్రి రెండింటికి దగ్గుతో లేచి కూర్చుంటే ఫోన్‌లో వీడియో తీశాను, అది చూపించొచ్చా? ఇంజెక్షన్ నుంచి సిరప్‌కి ఎప్పుడు మారుస్తారు, ఇంటికి పంపాలంటే ఏమేం చూస్తారు అన్నవి అప్పుడే అడగాలా, తర్వాత జూనియర్ డాక్టర్ని విడిగా కలవాలా? మావారు ఆ టైమ్‌కి డ్యూటీలో ఉంటారు. ఫోన్ స్పీకర్‌లో పెడతానంటే ఒప్పుకుంటారా?