ఖాళీ నిమిషాల్లో చేసుకునే ప్రార్థన ఏకాంత ప్రార్థన కిందికి వస్తుందా?

నైట్‌డ్యూటీ_నర్సు
అందరికీ వందనాలు. తెల్లవారుజామున మోకరించని విశ్వాసి ఆత్మీయంగా ఎదగడని మొన్న ప్రసంగంలో విన్నాను. నాకు తెల్లవారుజామంటే వార్డులో మందులిచ్చే వేళ. ఇంటికొస్తే పిల్లల క్యారియర్లు. నేను ప్రార్థన చేసుకునేది లిఫ్టు దగ్గర, షేర్ ఆటోలో, డ్యూటీ రూములో టీ చల్లారేలోపు. ఇదంతా లెక్కలోకి రాదా?

గుంటూరు_పెద్దన్న
మీ కష్టం అర్థమైందమ్మా. కానీ మార్కు 1:35 చూడండి. ముందురోజు సాయంత్రం కపెర్నహూములో పట్టణమంతా వాకిట కూడింది. అంత అలసట తర్వాత కూడా ప్రభువు 'యింకను చాలచీకటి యుండగానే' లేచి ప్రార్థనకి వెళ్లాడు. ఆయన ఖాళీ దొరికేదాకా ఆగలేదు, ఖాళీ చేసుకున్నాడు. మత్తయి 6:6లో గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు. ఆటోకి తలుపేది?

నైట్‌డ్యూటీ_నర్సు
ఒంటిగది ఇంట్లో అత్తమామలతో, పిల్లలతో ఉండేవాళ్లకి మాత్రం ఆ గది ఎక్కడిదన్నా? దానికి పై వచనం చదవండి. మనుష్యులకు కనబడాలని వీధుల మూలల్లో నిలిచి ప్రార్థించేవాళ్ల గురించి కదా ఆ మాట. లిఫ్టు దగ్గర నేను ప్రార్థిస్తున్నట్టు పక్కనున్న వార్డుబాయ్‌కి కూడా తెలీదు.

ప్రాకారం_పనివాడు
నెహెమ్యా 2:4 ఎవరూ ఎత్తలేదేం? రాజు 'ఏం కావాలి' అని అడిగాడు. ఆ ప్రశ్నకీ జవాబుకీ మధ్య నెహెమ్యా ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశాడు. ఆయనేమో రాజుకి పానపాత్ర అందించే సేవకుడు, అవతల పారసీక రాజు అర్తహషస్త. కళ్లు మూసుకునే వీలుంటుందా! అయినా ఆ ప్రార్థనకి జవాబొచ్చింది.

గుంటూరు_పెద్దన్న
తమ్ముడూ, ఒకటో అధ్యాయం దాటేసి రెండులోకి దూకావు. యెరూషలేము ప్రాకారం కూలిపోయి ఉందన్న వార్త కిస్లేవు నెలలో అందింది, రాజు ముందు నిలబడింది నీసానులో. మధ్యలో సుమారు నాలుగు నెలలు. వార్త విన్ననాడే కూర్చుని ఏడ్చాడు, ఉపవాసముండి రాత్రింబగళ్లు ప్రార్థించాడు. ఆ ఒక్క క్షణంలో నోటికొచ్చిన ప్రార్థన వెనక అదంతా ఉంది. అది లేకుండా క్షణం ప్రార్థనలే మిగిలితే పునాది లేని గోడే.

జపమాల_తెనాలి
నేను కతోలికురాలిని, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా త్రికాల జపం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పని ఆపి చెప్పుకునేదే. పదిహేడో శతాబ్దంలో పారిస్ కార్మెల్ మఠం వంటగదిలో పనిచేసిన బ్రదర్ లారెన్స్, గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుని సన్నిధిలోనే ఉన్నానన్నాడు.

అయితే నర్సమ్మగారూ, నాకు తోచింది ఒకటి చెప్తాను. ఖాళీ నిమిషాల్లో మన నోటికొచ్చేవి ఎక్కువగా అడగడాలే. 'ప్రభువా, ఈ పేషెంటుని చూడు', 'బస్సు దొరికేలా చెయ్యి'. తప్పు కాదు. కానీ స్తుతి, ఒప్పుకోలు, ఊరికే వినడం, ఇవి జారిపోతాయి. కొరత నిమిషాల్లో లేదు, ఇక్కడ ఉంది. పెద్దన్నగారు గడియారం చూస్తున్నారు గానీ, గంటసేపు మోకాళ్లమీద ఉండి కోరికల జాబితా చదివేవాళ్లూ లేకపోలేదు.

డ్యూటీకి వెళ్లే దారిలో ఒక చిన్న కీర్తన పట్టుకోండి. 120 నుంచి 134 దాకా యాత్రకీర్తనలే. 131కి మూడే వచనాలు, అందులో అడగడం అంటూ ఏమీ లేదు. షిఫ్టంతా అదొక్కటే నెమరేసుకోవచ్చు.

ప్రాకారం_పనివాడు
ఆ మూడు వచనాలూ ఫోనులో కాకుండా చీటీ మీద రాసుకోండి అక్కా. ఫోను తీస్తే ముందు వాట్సాప్ కనిపిస్తుంది, కీర్తన తర్వాత.

గుంటూరు_పెద్దన్న
కీర్తన సంగతి బాగుంది, నేనూ పాటిస్తాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. డ్యూటీ లేని రోజైనా వేకువనే లేవొచ్చు కదమ్మా?

నైట్‌డ్యూటీ_నర్సు
ఆ రోజు నిద్రపోతానన్నా. 127:2 కూడా యాత్రకీర్తనే, 'వేకువనే లేచి' అని మొదలయ్యే వచనం చివరిదాకా చదవండి. తన ప్రియులు నిద్రపోతుండగానే ఆయన వాళ్లకిస్తాడని ఉంది.