సెరిబ్రల్ పాల్సీ ఉన్న బాబుకి నిరామయ బీమా: వాడుకున్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మా బాబుకి నాలుగేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడులో సమస్య వల్ల కండరాలు అదుపులో ఉండవు). మెడ ఇంకా నిలవలేదు. అన్నం మెత్తగా పిసికి, తల నా మోచేతి మీద ఆనించి పెడితేగానీ మింగలేడు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత సెంటర్‌లో ఫిజియోథెరపీ వారానికి ఒక్కసారే. మిగతా రోజులు ప్రైవేటులో చేయిస్తున్నాం, ఆ ఖర్చు మోయలేకపోతున్నాం.

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ఇచ్చే ధ్రువపత్రం) ఉంది. వికలాంగుల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి 1 లక్ష రూపాయల దాకా, థెరపీకి కూడా ఇస్తారట. డబ్బు ముందు మనమే కట్టుకుని తర్వాత బిల్లులు పెట్టాలా? ప్రైవేటు థెరపిస్టు రసీదు చెల్లుతుందా? ఒక ఆఫీసులో అడిగితే "మాకు తెలియదమ్మా" అని పంపేశారు. క్లెయిమ్ వచ్చిన తల్లిదండ్రులు ఉంటే, ఏయే కాగితాలు పెట్టారో దయచేసి చెప్పండి. వాడికి మెడ దగ్గర ఆసరా ఉండే కుర్చీ కూడా కావాలి, ఎక్కడ చేస్తారు?