ఇళ్ల ప్లాన్ ముసాయిదాపై అభిప్రాయం ఎలా రాయాలి?

అందరికీ నమస్కారం. మా మున్సిపాలిటీ ఊళ్లో ఇళ్ల నిర్మాణం ఎలా ఉండాలో చెప్పే ప్లాన్ ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడుగుతోంది. మధ్య ఆదాయ కుటుంబాలకు అందుబాటు ధరలో ఇళ్లు అని మొదటి పేజీలోనే రాశారు, సంతోషం. కానీ లోపల చూస్తే చిన్న ప్లాట్లకు అనుమతి లేదు, ఫ్లాటుకు రెండు కార్ల పార్కింగ్ తప్పనిసరి. ఆ ఖర్చంతా చివరికి అద్దె మీదే కదా పడేది! ఆదాయంలో 30 శాతం దాటితే అద్దె భారమని చాలాచోట్ల లెక్కేస్తారు, ఇందులో ఆ ఊసే లేదు. అమెరికాలో మినియాపొలిస్ నగరం 2021లో ఇలాంటి తప్పనిసరి పార్కింగ్ నిబంధన ఎత్తేసింది. ఇలాంటి ఉదాహరణలు పట్టించుకుంటారా, స్థానిక అద్దెల లెక్కలే కావాలా? బిల్డరుకు అదనపు అంతస్తు అనుమతిస్తే, బదులుగా కొన్ని ఫ్లాట్లు తక్కువ అద్దెకివ్వాలనే షరతు ఎన్నేళ్లు ఉండాలని అడగాలి? ఇలాంటివి రాసిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి, గడువు దగ్గరపడుతోందని టెన్షన్‌గా ఉంది.